చీసపీక్ మీద గాలివాటున: అనాపొలిస్ నుంచి ఆక్స్‌ఫర్డ్ దాకా

సెప్టెంబరు 21, అనాపొలిస్

అమెరికాలో చీసపీక్ అఖాతం ఒడ్డున ఉన్న అనాపొలిస్ మేరీలాండ్ రాష్ట్ర రాజధాని. అక్కడ అక్కావాళ్ల ఇంటికి కూతవేటు దూరంలో బ్యాక్ క్రీక్ అనే పాయ ఉంది. దానికి రెండు వైపులా నీటిలోకి చొచ్చుకువచ్చిన చెక్క రేవులకు వందలాది తెరచాప పడవలు కట్టి ఉంటాయి. బావగారి పడవ వాటిలో చిన్నవాటి లెక్కలోకే వస్తుంది. అది 1980ల నాటి 27 అడుగుల కాటలినా. లోపల ఇద్దరు హాయిగా పడుకోవచ్చు, నలుగురైతే సర్దుకోవాలి. వంటకు ఒక పొయ్యి, వెనకవైపు ఒక చిన్న అవుట్‌బోర్డ్ మోటారు ఉన్నాయి. బావగారిది కాకినాడ; పదవీ విరమణ చేశాక ఆయన కాలమంతా ఈ పడవలోనే గడుస్తోందని అక్క చెప్పింది. నాకు హుస్సేన్‌సాగర్ మీద లేజర్ పడవ నడిపిన అనుభవం ఉంది. అది ఒక మనిషి, ఒకే తెరచాప ఉండే పడవ. అందుకే బావగారు కొత్తగా కొన్న మూడో తెరచాపను నేర్చుకోవడానికి నన్ను తోడు పిలిచారు.

ఆ తెరచాప అసిమెట్రికల్ స్పినేకర్. గాలి వెనకనుంచి, వెనక పక్కలనుంచి వీచినప్పుడు పడవ ముందు విప్పే పెద్ద, తేలికైన నైలాన్ గుడ్డ అది. పాతకాలపు స్పినేకర్‌కు రెండు అంచులూ సమానంగా ఉంటాయి. దానిని నిలపాలంటే తెరచాపలను మోసే స్తంభం, అంటే మాస్ట్, నుంచి పక్కకు ఒక గెడ కట్టి, గాలి మారినప్పుడల్లా ఆ గెడను ఈ పక్కనుంచి ఆ పక్కకు మార్చుకోవాలి. ఇద్దరే ఉన్న చిన్న పడవలో, ఊగుతున్న అణియం (పడవ ముందుభాగం) మీద నిలబడి ఆ పని చేయడం ప్రమాదకరం. అసిమెట్రికల్ తెరచాపకు ముందంచు పొడవు, వెనకంచు పొట్టి. కింది ముందు మూలను, అంటే టాక్‌ను, పడవ ముక్కుకే తాడుతో కడతారు కనుక గెడతో పనిలేదు. 1980లలో సిడ్నీ హార్బర్‌లో పందేలకు దిగే 18 అడుగుల స్కిఫ్ పడవలు ఈ పద్ధతికి పేరు తెచ్చాయి. 1991లో వచ్చిన జె/105 అనే పడవ ముందుకు జరిపే కొయ్యతో సహా దానిని కుటుంబాలు నడిపే పడవల్లోకి తెచ్చింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టిన 49ఈఆర్ తరగతి పడవలదీ ఇదే తరహా తెరచాప. టోక్యో ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున గణపతి, వరుణ్ ఠక్కర్ నడిపింది ఆ పడవనే.

ముందురోజు రాత్రి వానతో పాటు వచ్చిన చలిగాలి ఇంకా 20 నాట్స్ (గంటకు దాదాపు 37 కిలోమీటర్లు) వేగంతో విసురుతూనే ఉంది. అలాంటి గాలిలో స్పినేకర్ విప్పకూడదు కాబట్టి, దానిని ఇంటి వెనక పచ్చిక మీద పరిచి చూశాము. పాత తెరచాపలు అమ్మే దుకాణంలో బావగారు దీనికి 650 డాలర్లు పెట్టారు. కొత్తది కుట్టించాలంటే మూడు నాలుగు రెట్లు అవుతుందట. వైశాల్యం దాదాపు 500 చదరపు అడుగులు, అంటే పడవకు ఉన్న మిగతా రెండు తెరచాపలు కలిపినా దీనికి తక్కువే. అయినా మొత్తం గుడ్డను గుండెలకు హత్తుకుని ఒక్కడినే మోయగలిగాను. ముందంచు పొడవునా ఎర్ర పట్టీ కుట్టి ఉంది. తెరచాపను పైకి ఎత్తే తాడు, అంటే హాలియర్డ్, ఏ మూలకు కట్టాలో, టాక్ ఏదో చీకటిలోనైనా పొరబడకుండా బావగారు మూలల మీద తెలుగులోనే ‘తల’, ‘ముక్కు’, ‘తోక’ అని మార్కర్‌తో రాసుకున్నారు. తెరచాప మొత్తాన్ని దిండు గలీబులోకి దిండును దూర్చినట్టు మూసి ఉంచే పొడవాటి గొట్టం సంచీని సాక్ అంటారు. దాని నోటికి ఫైబర్‌గ్లాస్ కడియం ఉంటుంది. దానిని తాడుతో పైకి లాగితే తెరచాప విచ్చుకుంటుంది, కిందికి లాగితే ముడుచుకుంటుంది.

సాయంత్రం సిటీ డాక్ దాకా నడిచి వచ్చాము. ‘రూట్స్’ రచయిత అలెక్స్ హేలీ విగ్రహం ముగ్గురు పిల్లలకు కథ చెబుతూ నీటి ఒడ్డున కూర్చుని ఉంది. ఆయన పూర్వీకుడిగా చెప్పుకున్న కుంటా కింటేను 1767లో బానిస ఓడలోంచి దించింది ఈ రేవులోనే. ఇప్పుడక్కడ ఐస్‌క్రీం తింటూ జనం పడవలను చూస్తుంటారు. మేము చాలాసేపు ఆ విగ్రహం దగ్గరే నిలబడ్డాము.

సెప్టెంబరు 22, సెయింట్ మైకేల్స్ దారిలో

అక్క తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపి, మజ్జిగ మిరపకాయలు వేయించి, ఆవకాయ సీసా ఒకటి తువ్వాలులో చుట్టి ఇచ్చింది. గాలి వాయవ్యం నుంచి 9, 10 నాట్స్‌కు దిగింది. సెవర్న్ నది ముఖం దాటి దక్షిణంగా వెళ్తుంటే థామస్ పాయింట్ దీపస్తంభం కనిపించింది. నీటి అడుగున మట్టిలోకి మరమేకులా తిప్పి దింపిన ఇనుప కాళ్ల మీద నిలిచిన ఆరు పలకల తెల్లటి ఇల్లు అది. 1875లో కట్టిన చోటనే ఇప్పటికీ నిలబడి ఉంది. అక్కడే తెరచాప విప్పాలని నిర్ణయించుకున్నాము.

విప్పే పద్ధతిని వరసగా చెప్పాలి, ఎందుకంటే ఈ తెరచాపతో వచ్చే చిక్కుల్లో చాలావరకు అది పైకి లేవకముందే పుట్టినవి. టాక్ తాడు అణియం దగ్గరి కప్పీలోంచి వెనక్కి, చుక్కాని పట్టినవాడి చేతికి అందేలా రావాలి. తెరచాప తోకమూలను ఆడించే రెండు షీట్ తాళ్లూ మాస్ట్‌ను పట్టి ఉంచే పక్క తీగలకు, కమ్మీలకు బయటినుంచే వెనకనున్న అమరం దాకా పోవాలి. ఒక్కటి లోపలికి దూరినా గాలి పట్టగానే కమ్మీ వంగిపోతుంది. ఆ తర్వాత గాలి పోయే వైపున, పెద్ద తెరచాప నీడలో, సాక్‌ను హాలియర్డ్‌తో మాస్ట్ చివరిదాకా ఎత్తి కట్టాలి. బావగారు పడవను కొద్దిగా గాలివాటుకు తిప్పి, “ఇప్పుడు లాగవోయ్, ఆపకు!” అన్నారు. కడియం పైకి పోతున్నకొద్దీ నీలం, పసుపు, తెలుపు పట్టీలు ఒక్కొక్కటే బయటపడి, సగం ఎత్తు దాటగానే గుడ్డంతా ఒక్కసారి ‘ధబ్’మని నిండింది. చేతిలోని షీట్ తాడు బిగిసింది. పడవ వేగం 3 నాట్స్ నుంచి చూస్తుండగానే 4.5కు పెరిగింది.

మేము పోవలసిన బ్లడీ పాయింట్, అంటే కెంట్ ద్వీపపు దక్షిణ కొన, దాదాపు సూటిగా గాలివాటున ఉంది. నేరుగా అటే తిప్పితే పెద్ద తెరచాప గాలిని మింగేసి, స్పినేకర్ వాడిపోయి వేలాడింది. ఈ తెరచాప స్వభావమే అంత. గాలి సరిగ్గా వీపు మీదికి వస్తే దానికి ఊపిరి ఆడదు. వెనక పక్కనుంచి, పడవ ముక్కు నుంచి లెక్కిస్తే 135 నుంచి 145 డిగ్రీల కోణంలో వస్తే ప్రాణం పోసుకుంటుంది. అందుకని దారిని వంకర చేసుకున్నాము: కొంతసేపు దక్షిణంగా పోయి, తెరచాపను రెండో పక్కకు మార్చి, మళ్లీ తూర్పుగా పోయాము. సూటి దారికి 35 డిగ్రీలు తప్పుకుంటే దూరం ఐదో వంతుకు పైగా పెరుగుతుంది. సూటిగా పోయినప్పటికంటే వేగం మూడో వంతు పెరిగింది కనుక ముందే చేరతాము. లెక్క అలా ఉంచితే, సూటిగా పోయే పడవ అటూ ఇటూ పొర్లుతూ కడుపులో తిప్పుతుంది. కోణంలో పోయే పడవ ఒక పక్కకు కొద్దిగా ఒరిగి స్థిరంగా సాగుతుంది. ఆ స్థిరత్వం కోసమైనా వంకర దారే మేలని నాకు అనిపించింది.

తెరచాపను నడిపేవాడి చూపు అంతా దాని ముందంచు మీదే ఉండాలి. షీట్‌ను కొద్దికొద్దిగా వదులుతూ పోతే ఆ అంచు భుజం దగ్గర లోపలికి ముడుచుకోవడం మొదలవుతుంది. అరచేయి వెడల్పు మడత కనిపించగానే ఒక్క గుప్పెడు తాడు లాగితే మళ్లీ సర్దుకుంటుంది. మడత అసలు కనిపించకపోతే తాడు ఎక్కువ బిగించినట్టే. అలా మడతకూ నిండుదనానికీ మధ్య తాడును ఆడిస్తూ ఉండటమే పని.

బ్లడీ పాయింట్ దాటి ఈస్టర్న్ బేలోకి తూర్పుగా తిరిగాక గాలి పక్కకు వచ్చింది. అంతవరకు రెండడుగులు వదులుగా ఉంచిన టాక్ తాడును ఇప్పుడు బిగించి కిందికి లాగాలి. వదులుగా ఉంటే ముందంచు గాలివైపుకు పొంగుతుంది, అది లోతైన కోణాలకు మంచిది. బిగిస్తే అంచు తిన్ననై పక్కగాలిని తట్టుకుంటుంది. ఆ ఒక్క తాడుతో తెరచాప రూపమే మారిపోవడం చూసి, పులిహోర తినడం కూడా మరిచి చాలాసేపు దానినే సవరిస్తూ కూర్చున్నాను.

చీకటి పడేలోగా మైల్స్ నది లోపలికి చేరాము. రేవులో ఒక రాత్రికి 80 డాలర్లు. కట్టవలసిన తాళ్లను అడగకుండానే పక్క పడవలోని పెద్దాయన, ఆయన భార్య వచ్చి అందుకున్నారు. ఇక్కడ రేవుల్లో అది మర్యాద. ఎవరి పడవ వస్తున్నా చేతిలో పని పక్కనపెట్టి వెళ్లి తాడు పట్టుకుంటారు, కట్టడం అయ్యాకే పలకరింపులు.

సెప్టెంబరు 23, సెయింట్ మైకేల్స్

గాలి లేదు. ఊరిలో ఉన్న చీసపీక్ బే మారిటైమ్ మ్యూజియంకు వెళ్లాము. 1879 నాటి హూపర్ స్ట్రైట్ దీపస్తంభాన్ని 1966లో ఇక్కడికి తెచ్చి నిలబెట్టారు. లోపల కాపలాదారు వంటగది, మంచం, గంట కొట్టే యంత్రం చూడవచ్చు. నన్ను ఎక్కువసేపు ఆపింది మాత్రం లాగ్ కనూలనే పడవలు. పెద్ద దుంగలను పక్కపక్కన జోడించి తొలిచిన సన్నని పడవలవి. వాటికి మోయలేనంత తెరచాప కడతారు, పడవ ఒరిగినప్పుడు మనుషులు పొడవాటి పలకల మీద గాలివైపుకు పాకి తమ బరువుతో నిలబెడతారు. ఎండాకాలమంతా మైల్స్ నదిలో వాటి పందేలు జరుగుతాయట. మ్యూజియం షెడ్డులో వడ్రంగులు ఒక పాత పడవ పక్కటెముకలను మారుస్తున్నారు. వారిలో ఒకాయన నా ప్రశ్నలకు ఓపికగా జవాబిచ్చి, చెక్క వాసన చూడమని ఒక చిత్రిక చుట్టను నా చేతిలో పెట్టారు.

ఈ తీరంలోనే, టాల్బట్ కౌంటీలో, తర్వాత బానిసత్వ వ్యతిరేక ఉద్యమ నాయకుడైన ఫ్రెడరిక్ డగ్లస్ 1818లో బానిసగా పుట్టాడు. యౌవనంలో ఈ ఊరి చుట్టుపక్కల పొలాల్లో కొరడా దెబ్బలు తింటూ పనిచేసిన రోజుల్లో, అఖాతం మీద స్వేచ్ఛగా పోతున్న తెల్ల తెరచాపలను చూసి తాను ఎంత వేదన పడ్డాడో 1845లో అచ్చయిన ఆత్మకథలో రాశాడు. మనం సరదాకు విప్పే తెరచాప ఆ ఒడ్డున నిలబడినవాడికి ఎలా కనిపించిందో చెప్పే ఆ మాటలు చదివిన తర్వాత ఈ నీటి మీద ప్రయాణించడం నాకు వేరుగా అనిపించింది. బావగారితో ఆ సంగతి చెబితే ఆయన కూడా చాలాసేపు మాట్లాడలేదు.

రాత్రి భోజనం ఉడికించిన నీలి పీతలు. బల్ల మీద గోధుమరంగు కాగితం పరిచి, ఓల్డ్ బే మసాలా దట్టంగా చల్లిన డజను పీతలను కుప్పగా పోసి, చెరొక చెక్క సుత్తి ఇచ్చారు. ధర 70 డాలర్లు. ఆకురాలు కాలంలో పీత బరువెక్కుతుంది, చలికాలానికి ముందు అది బాగా తింటుంది కనుక. డెక్కల చివరలు ఎర్రగా ఉంటే ఆడపీత అని వడ్డించే అమ్మాయి చూపించింది. రుచి బాగుంది, కానీ మసాలా అంతా పెంకు మీదే ఉండిపోతుంది. మా అమ్మ వండే పీతల ఇగురులో పులుసు మాంసంలోకి దిగుతుంది; ఆ విషయంలో కాకినాడదే పైచేయి అని బావగారూ నేనూ ఏకాభిప్రాయానికి వచ్చాము.

సెప్టెంబరు 24, పాప్లర్ ద్వీపం, టిల్గ్‌మన్

ఈశాన్యపు గాలి, 7 నాట్స్. ఉదయం మోటారు మీద ఈస్టర్న్ బే దాటి, దక్షిణానికి తిరగగానే స్పినేకర్ ఎత్తాము. గాలి సరిగ్గా 135 డిగ్రీల మీద ఉంది. నీరు అద్దంలా ఉన్నా పడవ 4 నాట్స్ మీద నడుస్తోంది. తెరచాప కదలదు, తాడు కదలదు. చుక్కానిని రెండు వేళ్లతో పట్టుకుంటే చాలు. పక్కన ఒక్క పడవ కూడా తెరచాపతో కదలడం లేదు, అన్నీ మోటార్లే. ఈ యాత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన గంటలు ఇవే.

కుడివైపున పాప్లర్ ద్వీపం చాలాసేపు మాతో నడిచింది. 19వ శతాబ్దంలో వెయ్యి ఎకరాలకు పైగా ఉన్న ఆ ద్వీపం అలల కోతకు కరిగి 1990ల నాటికి మొత్తం ఐదెకరాల ముక్కలుగా మిగిలింది. బాల్టిమోర్ ఓడల కాలువల్లో తవ్విన పూడికను తెచ్చి నింపుతూ దానిని మళ్లీ పాత పరిమాణానికి, అంతకు మించి కూడా, పెంచారు. గట్ల మీద బారులు తీరిన పక్షులు దూరానికి కూడా కనిపించాయి. అఖాతం మధ్య ఊళ్లకు ఊళ్లే ఇలా మునిగిపోతున్నాయి. ఒక ద్వీపాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి ఎంత శ్రమ అవసరమో ఆ గట్టు పొడవు చూస్తే అర్థమవుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ నీళ్లలో ఎక్కడ చూసినా పీతల బుట్టలకు కట్టిన తేలియాడే బుడ్డీలు ఉంటాయి. వాటి తాడు చుక్కానికి చుట్టుకుంటే పడవ ఆగిపోతుంది, పీతలవాడికీ నష్టం. స్పినేకర్ విప్పితే ముందు ఒక పక్క మొత్తం కనపడదు. అందుకని ఒకరు అణియం దగ్గర గుడ్డ అంచు కింద నుంచి చూస్తూ “ఎడమ, ఎడమ... ఇక సరి” అని చెబుతూనే ఉండాలి. ఆ పని నాది.

నాప్స్ నారోస్ ఇరుకు పాయ మీద ఎత్తుడు వంతెన ఉంది. రేడియో 13వ చానల్‌లో పిలిస్తే కాపలాదారు “వస్తూ ఉండండి కెప్టెన్” అని మర్యాదగా చెప్పి, మా ఒక్క చిన్న పడవ కోసం రోడ్డు మీద కార్లన్నీ ఆపేసి వంతెన ఎత్తారు. కార్లలోని వాళ్లు విసుక్కోలేదు. ఒక పిల్లవాడు కిటికీలోంచి చెయ్యి ఊపాడు. అంతకుముందు, పాయ పడమటి ముఖద్వారం దగ్గర ఇసుక మేట వేసి ఉంది. గుర్తులు పాత మ్యాపులో ఒక చోట, నీటిలో మరో చోట ఉన్నాయి. అక్కడ తోవ తప్పి మట్టిని రాసుకుంటూ వెనక్కి వచ్చి, లోపలికి పోతున్న ఒక పీతల పడవ వెంట వెళ్లాము.

టిల్గ్‌మన్‌లో రాత్రి. ఒకప్పుడు స్కిప్‌జాక్‌లనే తెరచాప పడవలు ఇక్కడి నుంచే ఆల్చిప్పల వేటకు పోయేవి. మోటారుతో నీటి అడుగును దున్నితే ఆల్చిప్పలు మిగలవని మేరీలాండ్ చట్టం తెరచాపతోనే దున్నాలని కట్టడి చేసింది. 1967 తర్వాత వారంలో రెండు రోజులు వెనక తోసే మోటారు పడవను అనుమతించారు. ఇప్పుడు ఆ పడవలు వేళ్ల మీద లెక్కపెట్టే అన్నే మిగిలాయి. రేవు దగ్గర వలలు బాగు చేసుకుంటున్న ఒక ముసలి జాలరి మా రంగుల తెరచాప సంచీని వేలితో తట్టి, తన తండ్రి రోజుల్లో గాలి లేకపోతే గంటల తరబడి కూర్చునేవాళ్లని, ఇంత పల్చటి గుడ్డ అప్పుడు లేదని అన్నాడు. ఆయన ఇచ్చిన పచ్చి ఆల్చిప్పలకు డబ్బు తీసుకోలేదు. బదులుగా బావగారు ఆవకాయ పెట్టారు. ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్లు తుడుచుకుని, ఇంకొక ముక్క అడిగాడు.

సెప్టెంబరు 25, చాప్‌టాంక్ నది, ఆక్స్‌ఫర్డ్

మధ్యాహ్నానికి నైరుతి గాలి లేచింది, 11 నాట్స్. తూర్పుగా చాప్‌టాంక్ నదిలోకి పోవడానికి అంతకంటే మంచి గాలి ఉండదు. తెరచాప నిండుగా ఉండగా ఒక పెద్ద మోటారు పడవ చాలా దగ్గరగా దాటిపోయింది. అది లేపిన అలకు మా పడవ రెండు మూడుసార్లు విసురుగా ఊగింది. తెరచాపలోని గాలి ఒక్క క్షణం ఖాళీ అయి, గుడ్డ మాస్ట్ నుంచి పడవ ముక్కుకు కట్టిన ముందు తీగకు చుట్టుకుని, పైన ఒక బుడగ, కింద ఒక బుడగ, మధ్యలో ముడిగా మిగిలింది.

నా చేతులు వెంటనే తాడు లాగడానికి పోయాయి. బావగారు, “లాగితే ఇంకా బిగుస్తుంది. ఉండు, గాలే చుట్టింది, గాలే విప్పుతుంది” అన్నారు. పెద్ద తెరచాపను రెండో పక్కకు మార్చి పడవను అటు తిప్పారు. పెద్ద తెరచాప వెనకనుంచి జారే గాలి ఇప్పుడు ఎదురు దిశలో ముందు తీగ చుట్టూ తిరుగుతుంది. చుట్టు ఒకటి విడింది, కాసేపటికి రెండోది విడింది, చివరి మెలిక సొంతంగానే జారి తెరచాప చప్పుడు చేస్తూ తెరుచుకుంది. కుట్టు పక్కన అంగుళం చిరుగు ఒకటి మిగిలింది, అంతే. తొందరపడి బలంగా లాగి ఉంటే గుడ్డ నిలువునా చీలేది.

గాలి పెరిగినప్పుడు చేయవలసినది కూడా ఆ రోజే వంటబట్టింది. హుస్సేన్‌సాగర్ మీద లేజర్‌లో గాలికి ఎదురెక్కుతున్నప్పుడు విసురు వస్తే పడవ ముక్కును గాలివైపుకు తిప్పి తప్పించుకుంటాము. స్పినేకర్ ఉన్నప్పుడు అలా తిప్పితే పడవ పక్కకు పడుకుంటుంది. ఇక్కడ విసురు వస్తే గాలి నుంచి దూరంగా, వాటుకు తిప్పాలి. అప్పుడు పడవ గాలితో పాటే పరుగెడుతుంది, తెరచాప మీద బరువు తగ్గుతుంది. పైగా వెనకగాలిలో మోసం ఒకటి ఉంది. 14 నాట్స్ గాలిలో 6 నాట్స్‌తో పోతుంటే ఒంటికి తగిలేది 8 నాట్స్ పిల్లగాలే, హాయిగా ఉంటుంది. తిరిగి చూసుకుంటే గానీ అసలు గాలి ఎంతో తెలియదు. అందుకే బావగారు ఒంటికి తగిలే గాలిని నమ్మరు, నీటిని చూస్తారు. అలల మీద తెల్ల నురగ అక్కడక్కడా కాక అంతటా కనిపించడం మొదలైతే స్పినేకర్ దింపేయాలి. ఆ రోజు అది కనిపించగానే సాక్ కిందికి లాగాము. పెద్ద తెరచాప చాటుకు తిప్పి, షీట్ వదిలి, కడియాన్ని లాగితే ఐదు వందల చదరపు అడుగుల గుడ్డ అర నిమిషంలో ఒక సన్నని చుట్టగా మారింది.

ఆక్స్‌ఫర్డ్ చిన్న ఊరు, ఇటుకల నడకదారులు, తెల్ల కంచెలు. ఇక్కడి నుంచి ట్రెడ్ ఏవన్ నది మీద బెల్‌వ్యూకు నడిచే బల్లకట్టు 1683లో మొదలైంది. ఒకేసారి తొమ్మిది కార్లు మాత్రమే పట్టే ఆ పడవను చూస్తే నాకు గోదావరి పంట్లు గుర్తుకు వచ్చాయి. అవతలి ఒడ్డుకు వెళ్లి అదే పడవలో తిరిగి వచ్చాము. చుక్కాని దగ్గర ఉన్న ఆవిడ నది వెడల్పు, లోతు, శీతాకాలపు మంచు గురించి చెబుతూ అవతల దించింది. రాత్రి స్మిత్ ఐలండ్ కేక్ తిన్నాము. తొమ్మిది పల్చటి పొరల మధ్య చాక్లెట్ పూసిన ఈ కేకును 2008లో మేరీలాండ్ తన అధికార మిఠాయిగా ప్రకటించింది. ఒక ముక్క 9 డాలర్లు, ఇద్దరికి చాలింది. బావగారు టార్చి లైటు వెలుగులో చిరుగు మీద నైలాన్ అతుకు పట్టీని రెండు వైపులా అతికించి, మూలలను గుండ్రంగా కత్తిరించారు. కోణంగా ఉన్న మూల అక్కడినుంచే లేస్తుందని చెప్పారు.

సెప్టెంబరు 27, తిరుగు దారి

నడుమ ఒక రోజు వానకే పోయింది. ఇప్పుడు దక్షిణపు గాలి, మళ్లీ రాత్రికి చలిగాలి వస్తుందని వార్త. తెల్లవారకముందే బయలుదేరి, నాప్స్ నారోస్ వంతెన దాటి, వాయవ్యంగా అనాపొలిస్ వైపు స్పినేకర్ విప్పాము. మొదట గాలి 145 డిగ్రీల మీద ఉండి, ఒకే పక్కన గంటల తరబడి నడిపించింది. బ్లడీ పాయింట్ దగ్గర అది ఆగ్నేయానికి మళ్లి సూటిగా వెనక్కి వచ్చింది. బాల్టిమోర్ రేవులో వంతు కోసం లంగరు వేసిన పెద్ద సరుకు ఓడలు దారిలో ఉన్నాయి. వాటి చుట్టూ కెంట్ ద్వీపం వైపు ఒక కోణం, పడమటి ఒడ్డు వైపు ఒక కోణం తీసుకుంటూ పోవాలి.

ఇంతమటుకు తెరచాపను పక్క మార్చడంలో మా చేతులు కుదిరాయి. బావగారు పడవను నెమ్మదిగా తిప్పుతారు. నేను పాత షీట్‌ను ధారాళంగా వదులుతాను; తెరచాప తోకమూల అణియం ముందు నుంచి ఎగురుతూ పోతుంది. అది ముందు తీగ దాటగానే కొత్త షీట్‌ను చేయి మీద చేయి వేసి లాగుతాను. తిప్పడం తొందరైతే మెలిక పడుతుంది, వదలడం ఆలస్యమైతే గుడ్డ ముందు తీగకు అంటుకుంటుంది. ఇద్దరమూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే చాలు, మాటలతో పని లేకపోయింది.

థామస్ పాయింట్ కనుచూపుమేరలో ఉండగా నీటి మీద నురగ పరుచుకుంది. సాక్ లాగితే కడియం సగం దాకా వచ్చి ఆగింది. లోపలి తాడు గుడ్డతో మెలిపడింది. రెండో మార్గం ఉండనే ఉంది. బావగారు పడవను గాలివాటుకు తిప్పి పెద్ద తెరచాప నీడలోకి తెచ్చి, “టాక్ వదిలెయ్!” అన్నారు. టాక్ తాడు వదలగానే ముందు మూల స్వేచ్ఛ పొంది, తెరచాప అంతా జెండాగా మారి, బలం పోగొట్టుకుంది. షీట్ పట్టుకుని కింది అంచును దగ్గరకు లాక్కుని, ఆయన హాలియర్డ్ కొద్దికొద్దిగా వదులుతుంటే గుడ్డను ముద్దలు ముద్దలుగా కేబిన్ గుమ్మంలోకి తోశాను. నీటిలో ఒక్క మూల కూడా తడవలేదు. హాలియర్డ్ చివర ముడి వేసి ఉండకూడదని, టాక్ తాడు ఎప్పుడూ చేతికి అందేచోట ఉండాలని మొదటి రోజు ఆయన ఎందుకు అంత పట్టుబట్టారో ఇప్పుడు తెలిసింది.

సాయంత్రం ఇంటి వెనక తెరచాపను మంచినీళ్లతో కడిగి రెండు చెట్ల మధ్య నీడలో ఆరవేశాము. ఉప్పు ఉండిపోతే తేమ పీల్చి గుడ్డ బరువెక్కుతుంది, ఎండకు వేస్తే నైలాన్ పాడవుతుంది. అక్క వేడివేడి పప్పు, అన్నం, నెయ్యి పెట్టింది. భోజనం దగ్గరే లెక్కలు చూసుకున్నాము: రేవులకు 230 డాలర్లు, తిండికి 190, అతుకు పట్టీకి 12, పెట్రోలుకు 11. తెల్లవారి బావగారు అణియం కొలతలు తీసుకుని, టాక్‌ను కమ్మీలకు రెండడుగులు ముందుకు జరపడానికి ఒక కొయ్య చేయించాలని వడ్రంగికి ఫోన్ చేశారు. సాక్ లోపలి తాడును గుడ్డతో కలవకుండా విడిగా నడిపే సన్నని గొట్టం కుట్టించే పని నాకు అప్పజెప్పారు. దాని కొలతలు రాసుకునే హైదరాబాదు విమానం ఎక్కాను.